చిమ్నీలోంచి నన్ను దించిన ఆ అమ్మకు కృతజ్ఞతలు

మోకాలి దాకా కట్టు కట్టిన కాలిని దిండు మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను. నిద్ర లేని రెండో రాత్రి ఇది. కళ్లు మూస్తే ఆ రాతి చీలికే కనబడుతోంది, అయినా ఈ నాలుగు మాటలు రాయనిదే పడుకోబుద్ధి కావడం లేదు.

మొన్న నేనూ మా తమ్ముడూ ఒక రాతికొండ మీద ఏడు పిచ్‌ల (అంటే తాడు వేసుకుంటూ ఎక్కే అంచెల) చిమ్నీ దారి, అంటే మనిషి దూరేంత నిలువు రాతి చీలిక, ఎక్కుతుండగా, అయిదో పిచ్‌లో నేను పడ్డాను. ఒక గోడకు వీపు ఆనించి, ఎదుటి గోడను పాదాలతో తన్నిపెట్టి, జానెడు జానెడు చొప్పున పైకి జరగాల్సిన చోటు అది. చీలిక వెడల్పు కావడంతో చీలికలో బిగించి తాడు తగిలించే లోహపు పరికరాలు, మా దగ్గరున్న క్యామ్‌లేవీ, అందులో పట్టలేదు, తాడుకు చివరి ఆధారం నాకు చాలా కిందనే ఉండిపోయింది. గోడల మధ్య ఇరుక్కున్న బండను నమ్మి బరువు వేస్తే అది కదిలింది. అది ఊడి పడి ఉంటే నేరుగా కింద నా తాడు పట్టుకుని కాపు కాస్తున్న (బిలే చేస్తున్న) తమ్ముడి మీదికే వచ్చేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. నా కుడి చీలమండ గోడకు కొట్టుకుని విరిగింది. తమ్ముడు నన్ను తాడు మీద ఆపి, తానున్న రాతి అరుగు మీదికి దించుకున్నాడు.

మాకు రెండు పిచ్‌ల కింద మరో జట్టు ఎక్కుతోంది. చిమ్నీలో మాట గోడలకు తగిలి ముద్దయిపోతుంది, ఎవరు ఏమన్నారో తెలియదు. అయినా నా అరుపు విని ఆ జట్టులోని ఒకావిడ ఎంత వేగంగా ఎక్కి వచ్చారో, అరుగు మీదికి చేరేసరికి రెండు మోచేతులూ గీరుకుపోయి నెత్తురు కారుతున్నాయి. యాభై దాటిన మనిషి. ముందు మమ్మల్ని రాతికి కట్టి ఉంచిన ఆధారాన్ని, మా యాంకర్‌ను, చేత్తో తడిమి చూశారు, తర్వాతే నా వైపు తిరిగారు.

బిగుతుగా ఉండే ఎక్కుడు బూటులో పాదం వాచిపోయి, బూటు రావడం లేదు. ఆవిడ చాకు తీసే ముందు అక్కడున్న తాళ్లన్నిటినీ నా వెనక్కి జరిపారు. లేసును లాగకుండా, చాకు మొనకూ నా చర్మానికీ మధ్య తన వేలు అడ్డం పెట్టి, ఒక్కో వరుస తెంపారు. ఆ తర్వాత నా మడమను తన ఒడిలో పెట్టుకుని, “నొప్పి పుడితే గట్టిగా అరువు బాబూ, ఇక్కడ వినేది మేమే కదా” అన్నారు. అంతవరకూ పళ్లు బిగబట్టిన నేను ఆ మాటకు పసిపిల్లాడిలా ఏడ్చాను.

మా దగ్గరున్నది ఒక్కటే 60 మీటర్ల తాడు. రాపెల్ చేయాలంటే, అంటే తాడు మీద జారుతూ దిగాలంటే, దిగాక లాగి తీసుకునేలా దాన్ని యాంకర్‌లోంచి సగానికి మడవాలి కనుక 30 మీటర్లకే చేరుతుంది, మేమెక్కిన పిచ్‌లలో రెండు 40 మీటర్లు దాటాయి. ఆవిడ మారుమాట లేకుండా తమ తాడును మా తాడుకు ముడివేశారు, అంటే తమ ఎక్కుడు అక్కడితో ముగించుకున్నారు. నన్ను తన నడుము పట్టీకి (హార్నెస్‌కు) జోడించుకుని, జారే వేగాన్ని అదుపు చేసే ఒకే డిసెండర్ మీద ఇద్దరి బరువూ మోస్తూ, దాని కింద, చెయ్యి వదిలితే తాడును పట్టేసే ప్రూసిక్ ముడిని ఒక చేత్తో జరుపుతూ, నాలుగు రాపెల్‌లూ తానే దించారు. గోడ దగ్గరైన ప్రతిసారీ విరిగిన కాలు తగలకుండా తన మోకాలు అడ్డం పెట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మూడో యాంకర్‌లో రాతిలోకి దిగగొట్టి ఉన్న రెండు బోల్ట్‌లలో ఒకటి తుప్పు పట్టి, వేలితో తిప్పితేనే తిరిగింది. పక్కన ఇరుక్కున్న బండకు ఆవిడ స్లింగ్ (గట్టి పట్టీ) చుట్టి బలం చేర్చకపోతే మా ముగ్గురి గతి ఏమయ్యేదో. ఇన్నేళ్లుగా ఎందరో వేలాడే ఆ బోల్ట్ బాధ్యత ఎవరిదని అడిగితే అందరూ పక్కవారిని చూపిస్తారు. అత్యవసర నంబరుకు ఫోన్ చేసిన తమ్ముణ్ణి ఏ వీధి, దగ్గర్లో గుర్తు ఏమిటి అని మూడుసార్లు అడిగారు. రాతిగోడ మధ్యలో వేలాడుతున్నవాడు వీధి పేరు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇంట్లోవాళ్ల గురించి వేరే చెప్పేదేముంది, అందరూ వచ్చారు, చూసుకుంటున్నారు.

అమ్మా, మీ పేరు అడగాలన్న తెలివి కూడా ఆ రాత్రి నాకు లేకపోయింది. ఈ ఉదయం తమ్ముడు సంచి విప్పితే, నా బూటులో తెగిన లేసు ముక్కలన్నీ చిన్న ఉండగా చుట్టి పెట్టి ఉన్నాయి. అంత హడావిడిలో వాటిని ఎప్పుడు ఏరారో నాకు తెలియదు. మీ తాడు ఇంకా మా దగ్గరే ఉంది, దయచేసి కబురు పంపండి.

ఆవిడ జతగాడిని మరిచేపోయాను, క్షమించాలి. తాడు చీలికల్లో చిక్కుకోకుండా నడుముకు చుట్టుకుని, ప్రతిసారీ మాకంటే ముందు దిగి యాంకర్ సిద్ధం చేసింది ఆయనే. కొండ మొదట్లోంచి రోడ్డు దాకా నన్ను వంతులవారీగా మోసిన నలుగురు కుర్రాళ్లకు కూడా కృతజ్ఞతలు. తన తలదీపం తీసి తమ్ముడి హెల్మెట్‌కు తగిలించి, చీకట్లోనే నడిచిన అమ్మాయికి కూడా.