ఆ పదకొండు నోటుబుక్కుల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్ 12న స్కూలు తెరిచామో లేదో, అప్పుడే మీ వాట్సాప్ గ్రూపుల్లో నా గురించి చర్చ జోరుగా సాగుతోందట. ఆ ముక్కేదో నేనే చెప్తాను. గత శుక్రవారం ఒకటో తరగతి పిల్లలకు చిన్న పని ఇచ్చాం. ఇంట్లో ఎవరెవరు ఉంటారో బొమ్మ వేసి, కింద పేర్లు తమకు వచ్చినట్టు రాసుకు రమ్మన్నాం. సోమవారం చూస్తే పదకొండు నోటుబుక్కుల్లో ముత్యాల్లాంటి అక్షరాలు, ఒకదానిలో స్కెచ్ పెన్నులతో షేడింగు, ఇంకొకటైతే జిరాక్స్ షాపులో కలర్ ప్రింటు తీయించి అంటించింది. ఐదున్నరేళ్ళ పిల్లాడు తాతయ్య బొమ్మ కింద 'పితామహులు' అని రాశాడంటే నేనెలా నమ్మాలండీ? పదకొండూ వెనక్కి పంపాను. వాటి మీద 'మళ్ళీ పిల్లల చేతనే' అని ఎర్ర ఇంకుతో రాయడం మాత్రం నా పొరపాటే. తమనే తిట్టాననుకుని ఇద్దరు ఏడ్చారట. క్లాసుకి వెళ్ళి వాళ్ళకి సారీ చెప్పాను. నోటుబుక్కులు తిప్పి పంపినందుకు మాత్రం చెప్పను.

ఎందుకంటే పిల్లాడు 'అమ్మ'ని 'అమ' అని రాస్తే, వాడికి ఇంకా వత్తు పట్టుబడలేదని టీచరుకి తెలుస్తుంది. 'తాత'ని 'తత' అని రాస్తే దీర్ఘం దగ్గర ఆగాడని తెలుస్తుంది. రేపు ఏం చెప్పాలో ఆ తప్పే చెబుతుంది. మీరు రాసి పంపితే మాకు తెలిసేది మీ దస్తూరి బాగుందని, అంతే. అది బాగుందని నేనూ ఒప్పుకుంటాను.

'ఇలాంటి బొమ్మల పనులు తప్ప హోంవర్కే ఇవ్వట్లేదు, ఫీజులు దేనికి' అని గేటు దగ్గర ఒక నాన్నగారు గట్టిగానే అడిగారు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానంలోనే రెండో తరగతి దాకా హోంవర్కు వద్దని ఉంది. బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని కూడా ఉంది. అంటే ఇరవై కిలోల పిల్లకి రెండు కిలోలు. మొన్న ఒక బ్యాగుని ఆఫీసులో తూకం వేస్తే నాలుగున్నర కిలోలు తూగింది. విప్పి చూస్తే స్టీలు క్యారియరు, రెండు గైడ్లు, ట్యూషన్ నోట్సు! ఒకటో తరగతికి ట్యూషనేమిటో నాకు అర్థం కాదు.

ఇక నాకు ఇష్టమైన సంగతి, కాస్త ఓపిక పట్టండి. మా రెండో తరగతి పాప ఒకతి రోజూ అమ్మతో సిటీ బస్సులో వస్తుంది, దారంతా బోర్డులు చదువుకుంటూ. మొన్న నా గదిలోకి వచ్చి, 'మేడమ్, బస్ స్టేషన్‌లో స్టేకి ఏత్వం స మీద ఉంది కదా, మరి సేట్ అనకుండా స్టే అని ఎందుకంటాం?' అని అడిగింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ళలో పెద్దవాళ్ళు కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. వాళ్ళమ్మగారిని మీరేం చేస్తారమ్మా అని అడిగితే, ఏమీ చేయనండీ, అది అడిగితే జవాబు చెప్తాను, తెలియకపోతే తెలియదంటాను అన్నారు. అలాగే మూడో తరగతిలో ఒక ఆటో డ్రైవరుగారి అబ్బాయి ఆటోల వెనక రాసిన కొటేషన్లన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుంటున్నాడు, 'నన్ను చూసి ఏడవకురా'తో మొదలుపెట్టి. వాడి స్పీడుని మా టీచర్లు కూడా అందుకోలేకపోతున్నారు!

కాబట్టి రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు ఒక తెలుగు కథ పైకి చదవండి. చదవడం రాని నాయనమ్మ అయితే చెప్పొచ్చు, అదింకా మంచిది. మనది ఇంగ్లీషు మీడియమే, కాదనను. కానీ ఇంట్లో 'కమ్, సిట్, ఈట్ ఫాస్ట్' అని నాలుగు ముక్కలు అంటే అది ఇంగ్లీషు అయిపోదు, తెలుగూ పోతుంది. ఇరవై మూడు అంటే తెలియక 'ట్వంటీ త్రీయా?' అని అడిగే పిల్లలు ఇప్పుడు ప్రతి సెక్షన్లోనూ ఉన్నారు. రైతు బజారుకి తీసుకెళ్ళి ముప్పావు కిలో వంకాయలు వాళ్ళ చేతే అడిగించండి, చిల్లర వాళ్ళనే లెక్కపెట్టనివ్వండి. చింతపండు వలిచేటప్పుడు గింజలు పారేయకుండా పదేసి కుప్పలు పెట్టించండి, స్థానవిలువ పాఠం సగం అక్కడే అయిపోతుంది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ బెజవాడలోనే, ఆ ఊళ్ళో ఉంటూ ఇంట్లో ఒక్క కథల పుస్తకం లేదంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

కోపం అంటే గుర్తొచ్చింది. అన్నం తినాలంటే ఫోను, నిద్ర పోవాలంటే ఫోను. పదకొండు దాకా మేల్కొన్న పిల్లలు మొదటి పీరియడులోనే బల్ల మీద వాలిపోతున్నారు, వాళ్ళని లేపే పని మా టీచర్లది. మీకు తీరిక ఉండదని తెలుసు, మేమూ ఇళ్ళున్న వాళ్ళమే. ఇంకొకటి, దయచేసి 'అల్లరి చేస్తే మీ మేడమ్‌తో చెప్తా' అని బెదిరించకండి. మీరు నన్ను బూచిని చేస్తే, మర్నాడు అర్థం కాలేదని నాతో చెప్పడానికి ఆ పిల్లకి ధైర్యం ఎక్కడిది?

ఆధార్ జిరాక్సులు, బస్సు ఫారాలు ఈ శనివారం లోపు ఆఫీసులో ఇవ్వండి. నీళ్ళ సీసాల మీద పేర్లు రాయండి, ఇప్పటికే తొమ్మిది సీసాలు అనాథలుగా ఉన్నాయి. గేటు ముందు బళ్ళు అడ్డంగా పెట్టకండి.

తిప్పి పంపిన పదకొండులో ఎనిమిది మళ్ళీ వచ్చాయి. ఒకదానిలో కుక్క నాన్నకంటే పెద్దది, పక్కన 'టమి' అని రాసి ఉంది. అన్నీ నా గది గోడకి అంటించాను. శనివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా ఉంటాను, వచ్చి చూడండి. మిగతా మూడు కూడా ఆ లోపు పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు