ఉద్యోగ ప్రకటనలో పని ఏదీ?

ఎడిటర్ గారికి,

రిటైరయ్యాక కూడా మీ పత్రికలో ఉద్యోగ ప్రకటనల పేజీ వదలకుండా చదువుతాను. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తాగా చేరి ఆఫీసర్‌గా బయటికొచ్చినవాణ్ని కాబట్టి స్టోర్స్ ఉద్యోగం కనిపిస్తే కన్ను అక్కడే ఆగుతుంది. ఈమధ్య చూసినది ఇది: ‘చురుకైన స్టోర్ ఎగ్జిక్యూటివ్ కావలెను. టీమ్ స్పిరిట్, మంచి కమ్యూనికేషన్, ఒత్తిడిలో పనిచేసే సామర్థ్యం తప్పనిసరి. 5 ఏళ్ల అనుభవం. 50 కిలోలు ఎత్తగలగాలి. ఆకర్షణీయమైన జీతం.’ ఏ సరుకు స్టోరో, ఎన్ని షిఫ్టులో, కంప్యూటర్ ముందు కూర్చోవాలో గోడౌన్‌లో నిలబడాలో ఒక్క ముక్క లేదు.

స్టోర్‌కీపర్ చేసే పనేమిటి? లారీ రాగానే చలానాలో ఉన్న లెక్కకు, దిగిన సరుకు సరిపోయిందో లేదో చూడాలి. తక్కువొచ్చినా, పగిలినవి ఉన్నా చలానా మీదే రాసి డ్రైవరు చేత సంతకం పెట్టించుకోవాలి. లారీ గేటు దాటాక ఎంత రాసుకున్నా సప్లయర్ ఒప్పుకోడు. తర్వాత జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే చీటీ) వేయాలి, ఒక్కో సరుకు రాకపోకల లెక్క ఉండే బిన్ కార్డులో ఎక్కించాలి. సరుకు కావాలంటూ ఇండెంట్ వస్తే ముందొచ్చిన సరుకు ముందు ఇవ్వాలి. నెలాఖరుకు కార్డులో లెక్క, ర్యాక్‌లో లెక్క ఒకటవ్వాలి. ప్రకటనలో ఇంతమాత్రం రాస్తే చాలు, పని తెలిసినవాడు వెంటనే అప్లై చేస్తాడు, తెలియనివాడు పేజీ తిప్పేస్తాడు. ‘టీమ్ స్పిరిట్’ అని రాస్తే ఇద్దరూ అప్లై చేస్తారు.

ఇవన్నీ హెచ్ఆర్ గదిలో కూర్చుంటే తెలియవు. ఆ సీట్లో ఉన్న మనిషిని అడగాలి. అడగడానికీ ఓ పద్ధతుంది. అమెరికన్ సైకాలజిస్టు జాన్ ఫ్లానగన్ 1954లోనే దాన్ని వివరంగా రాశాడు. పని బాగా జరిగిన సందర్భం, చెడిపోయిన సందర్భం చెప్పించి, అప్పుడు ఆ మనిషి ఏం చేశాడో రాసుకోవాలి. ‘పోయినసారి స్టాక్ తేడా ఎలా బయటపడింది?’ అని అడిగితే వచ్చే జవాబులోనే సగం ఉద్యోగ వివరణ ఉంటుంది.

ఇక ఆ 50 కిలోల సంగతి. స్టోర్‌లో ఫోర్క్‌లిఫ్ట్, ట్రాలీ ఉన్నప్పుడు స్టోర్‌కీపర్ ఎత్తేదేముంది? ఆ ఒక్క మాటకు నడుం నొప్పి ఉన్న నిఖార్సయిన లెక్కల మనిషి ఆగిపోతాడు, చాలామంది ఆడవాళ్లూ ఆగిపోతారు. 1990లో అమెరికా వికలాంగుల చట్టం తెచ్చినప్పుడు ఉద్యోగానికి అసలైన పనులేవి, పక్క పనులేవి అని విడదీసింది. ప్రకటనకు ముందే యజమాని రాసిపెట్టుకున్న ఉద్యోగ వివరణను అందుకు సాక్ష్యంగా తీసుకోవచ్చని కూడా అందులో ఉంది. అంత జాగ్రత్తగా రాయాల్సిన కాగితాన్ని మనం పాత ఫైల్లోంచి కాపీ కొడుతున్నాం.

చివర్లో తప్పకుండా ఉండే వాక్యం మరొకటుంది: ‘పై అధికారులు అప్పగించే ఇతర పనులు’. ఆ వాక్యం పుణ్యమా అని గెస్ట్‌హౌస్ తాళాలు, ఆడిటర్ల కార్లు, క్యాంటీన్ టోకెన్ల లెక్కలు నా నెత్తిన పడ్డాయి. అప్రైజల్‌లో మాత్రం స్టాక్ తేడా ఒక్కటే అడిగేవారు! ఆ వాక్యం తీసేయమనను, చిన్న ఆఫీసుల్లో కుదరదు. కానీ వారం వారం చేయించే పనిని ‘ఇతర’ అనడమేమిటి? దాన్నీ పేరు పెట్టి రాయాలి, మార్కులూ వేయాలి.

‘ఆకర్షణీయమైన జీతం’ గురించి ఎక్కువ చెప్పను. కొలరాడో రాష్ట్రంలో 2021 నుంచి, న్యూయార్క్ నగరంలో 2022 నుంచి జీతం ఎంత నుంచి ఎంత వరకో ప్రకటనలోనే రాయాలి. యూరోపియన్ యూనియన్ 2023లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, జీతం ఇంటర్వ్యూకు ముందే చెప్పాలి, పాత జీతం అడగకూడదు.

మీకు ఒక విన్నపం. ప్రకటన ఫారంలో నాలుగు గళ్లు పెట్టించండి: రోజూ చేయాల్సిన పనులు, పనివేళలు, ఎవరి కింద పనిచేయాలి, జీతం. నింపకపోయినా ప్రకటన వేయండి, కాకపోతే ఆ ఖాళీ గళ్లను కూడా అలాగే అచ్చు వేయండి.

ఇట్లు
ఒక రిటైర్డ్ స్టోర్స్ ఆఫీసర్