మార్కులు వేయడం తెలిసినవారినే కూర్చోబెట్టండి

చెన్నై జిల్లా దివ్యాంగుల సంక్షేమ అధికారి గారికి నమస్కారం.

ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మేధోపరమైన వైకల్యం ఉన్న కళాకారుల పోటీల గురించి రాస్తున్నాను. నేను పెరంబూర్‌లో సంగీతం నేర్పుతాను. ఈ మధ్య నగరంలో జరిగిన ఒక పోటీలో నా శిష్యురాలు త్యాగరాజ కీర్తన పాడింది. చరణంలో తాళం తప్పింది. నాకు తెలిసింది, ఆమెకూ తెలిసింది. న్యాయనిర్ణేతలు ముగ్గురికీ వినిపించనే లేదో, వినిపించినా ఊరుకున్నారో! 'ఎంత ముద్దుగా పాడావమ్మా' అన్నారు. ఆమెకు ఇరవై ఆరేళ్లు. చివరికి పాల్గొన్న అందరికీ మొదటి బహుమతే. నెలల తరబడి సాధన చేసి వచ్చినవారికి ఇంతకంటే అవమానం ఉంటుందా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 29వ సెక్షన్ కళాకారులకు వసతులు, తోడ్పాటు కల్పించమంటుంది. చప్పట్లతో సరిపెట్టమని అందులో ఎక్కడా లేదు.

మార్గళి (ధనుర్మాస) సంగీత కచేరీలు జరిగే ఊరిలో తాళజ్ఞానం ఉన్నవారికి కొరతా? మీ శాఖ సాయంతో జరిగే పోటీలకైనా అలాంటివారిని ఒకరిని పిలిపించండి. పక్కన ప్రత్యేక విద్యలో అనుభవం ఉన్నవారు ఒకరు ఉండాలి. మైకు హోరుకు చెవులు మూసుకున్న యువకుడు మొండికేయలేదని వారు చెప్పగలరు. మూడో కుర్చీ వైకల్యం ఉన్న కళాకారులదే. దాతలు దీపం వెలిగిస్తే చాలు, మార్కులు వేయనక్కర్లేదు.

ఆగిపోయినవారికి మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఉండాలి. తప్పొప్పులు తల్లికి కాక, పాడిన మనిషికే చెప్పాలి. న్యాయనిర్ణేతల పేర్లు, అర్హతలు, మార్కుల పద్ధతి పోటీ ప్రకటనలోనే వేయించండి.

ఇట్లు,
ఒక సంగీత ఉపాధ్యాయురాలు, పెరంబూర్