బండి ఆయిల్‌కు మీటరొక్కటే లెక్క కాదు

సంపాదకులకు నమస్కారం.

బండి ఆయిల్ మార్చడానికి నగరంలో అందరూ మీటరునే నమ్ముకుంటున్నారు. సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం కదలదు. గంటకు 40 కిలోమీటర్ల సగటుతో పోయే బండి 3,000 కిలోమీటర్లకు 75 గంటలు నడుస్తుంది. ఎల్బీనగర్ నుంచి హైటెక్ సిటీకి 15 సగటుతో పాకే బండికి అదే దూరం 200 గంటలు. ఇలాంటి బళ్లకు కంపెనీ పుస్తకంలోని గడువు కంటే ముందే మార్చడం మేలు. కూరగాయల కోసమే తీసే స్కూటర్‌ది ఇంకో తంటా: ఇంజిన్ సరిగా వేడెక్కక తేమ, పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. కిలోమీటర్లు నిండకపోయినా ఏడాది దాటనివ్వకూడదు.

నల్లబడిందని కంగారు అక్కర్లేదు. మసిని పట్టి ఉంచడం ఆయిల్ పనే. పాలు పోసిన టీ రంగుకు వస్తే మాత్రం నీళ్లు చేరినట్టు. వరదలో మునిగిన బండికి సెల్ఫ్ కొట్టకుండా షెడ్డుకు తోసుకెళ్లాలి.

డబ్బాపై ‘జాసో’ అనే జపాన్ ప్రమాణం గుర్తు చూడాలి: గేర్ల బండికి ‘ఎంఏ’ లేదా ‘ఎంఏ2’, గేర్లులేని స్కూటర్లలో ఎక్కువవాటికి ‘ఎంబీ’ ఉండాలి. గేర్ల బండి క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే తడుస్తుంటాయి. ఎంబీ గానీ, కొన్ని కార్ల ఆయిళ్లు గానీ పోస్తే ప్లేట్లు జారతాయి, రేజ్ ఇచ్చినా బండి లాగదు. స్కూటర్ క్లచ్ పొడిగా ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. ‘మన ఎండలకు చిక్కగా ఉండాలి’ అని, కంపెనీ 10డబ్ల్యూ-30 (ఇది చిక్కదనం గ్రేడు) చెప్పిన బండికి అంతకంటే చిక్కనైన 20డబ్ల్యూ-50 పోసేవారున్నారు. మన ఎండలు తెలిసే కంపెనీ ఆ గ్రేడు చెప్పింది! చిక్కటిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగాలకు ఆలస్యంగా అందుతుంది, మైలేజీ తగ్గుతుంది.

షెడ్లలో తరచూ జరిగే తప్పు లీటరు డబ్బా మొత్తం వంచేయడం. 110 సీసీ స్కూటర్లలో చాలావాటికి 650 నుంచి 800 మిల్లీలీటర్లే పడుతుంది. ఎక్కువైతే నురగ కట్టి, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపిన రెండు మూడు నిమిషాలకు ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తుడిచి, మళ్లీ దించి చూడాలి. చాలా బళ్లలో పుల్ల మర బిగించకుండానే దించాలి. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ అడిగి వేయించుకోండి, పాతదైతే కారుతుంది.

తీసిన ఆయిల్‌ను కొందరు నాలాల్లో పోస్తున్నారు. అది ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. నగరపాలక సంస్థ వార్డుకో సేకరణ కేంద్రం పెడితే చిన్న షెడ్లకూ ఒక దారి దొరుకుతుంది.

– ఒక ద్విచక్ర వాహన మెకానిక్, హైదరాబాద్