రేకు కింద పడుకున్న మేస్త్రి గారికి

కళ్లలో ఇసుక గరగర ఇంకా పోలేదు, వేళ్లు సరిగ్గా మడతపడట్లేదు. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను, రేపటికి వదిలేస్తే ఇది మామూలు థాంక్స్ అయిపోతుంది. మా 2006 మోడల్ మారుతి 800కి తుప్పు పట్టి డ్రైవర్ కాళ్ల కింద రెండు చిల్లులు, ఎడమ రన్నింగ్ బోర్డులో, అంటే తలుపు కింది పట్టీలో, జానెడు చిల్లు ఒకటి. మేస్త్రి గారు నేర్పితే నా చేత్తోనే రేకు ముక్కలు వెల్డింగ్ చేశాను, మూడూ పూడాయి. నిన్న రాత్రి పార్కింగ్‌లో లైట్లన్నీ ఆర్పి, కారు కింద బల్బు పెట్టి పైనుంచి చూస్తే సూదిమొనంత వెలుగు కూడా రాలేదు.

ఇంట్లోవాళ్లకి వేరే చెప్పేదేముంది. క్యారేజీలూ తిట్లూ రెండూ వేళకి అందాయి.

చెప్పాల్సింది ఆ పెద్దాయన గురించి. విశాఖ గాజువాకలో ఇనుప సామాన్ల కొట్లో ఆయన నా చేతిలో ఉన్న జీఐ రేకు, వెల్డింగ్ రాడ్ల కట్ట చూసి "ఏటమ్మా, పందిరికా?" అన్నారు. కారు ఫ్లోరుకండీ అన్నాను. మారుమాట లేకుండా రేకు తీసుకెళ్లి తిరిగి కౌంటర్ మీద పెట్టేశారు. జీఐ రేకు మీద ఉండేది జింకు పూత. ఇనుము కరిగేలోపే అది మరిగి తెల్లపొగై లేస్తుంది. ఆ పొగ అతుకులో బుడగలు పెడుతుంది, పీల్చినవాళ్లకి రాత్రికి చలిజ్వరం తెస్తుంది. బదులుగా పూత లేని సీఆర్ రేకు, 20 గేజి, అంటే 0.9 మిల్లీమీటర్లు, రెండడుగులు ఆయనే కోయించారు. రాడ్లు కూడా వెనక్కి ఇప్పించేశారు. "ఓడకి 12 మిల్లీమీటర్ల ప్లేటమ్మా. మనం తప్పు చేసినా అది ఓర్చుకుంటుంది. ఇది అప్పడం." రాడ్డు బదులు సన్న తీగతో అతికే మిగ్ మెషీను అద్దెకి తెచ్చుకోమన్నారు, తీగ 0.8 మిల్లీమీటర్లు, గ్యాసు ఆర్గాన్, సీఓటూ కలిపింది. ఓడల పనిలో రిటైరైన వెల్డరని అప్పుడు తెలిసింది. అడ్రసు అడిగారు. ఊరికే అడిగారనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ కిందకి వచ్చేశారు. రాగానే చేసిన మొదటి పని నేను పెట్టుకున్న స్టాండు ఫ్యాను ఆపడం. అతుకుని కాపాడే గ్యాసు తెర గాలికి చెదిరితే అతుకు అట్టు మీద కన్నాల్లా వస్తుందట. నాది అచ్చం అలాగే వచ్చింది, నేనేమో మెషీనుని తిడుతున్నాను. సముద్రపు గాలి పుంజుకునేలోపు వెల్డింగ్ అయిపోవాలి, తర్వాత గ్రైండింగ్ చేసుకోవచ్చు అన్నారు. మూడు రోజులూ అదే టైంటేబుల్.

తుప్పు దగ్గర మాత్రం అస్సలు రాజీపడలేదు. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోవాలి. గట్టి రేకు తగిలాక ఇంకో అంగుళం అవతలకి గీత గీసి అక్కడ కోయాలి. తుప్పు అంచుకి అతుకు పట్టదు, కరిగి కారిపోతుంది. చిల్లు పెద్దదైపోతోందని నాకు ఏడుపొచ్చింది. పాత శుభలేఖ అట్టతో కొలత తీయించి, రేకు ముక్క మూలలు గుండ్రంగా కత్తిరించమన్నారు. పదును మూలలో వేడి పోగవుతుంది, పగులు మొదలయ్యేది అక్కడేనట. అంచుకీ అంచుకీ మధ్య సందు ఒక మిల్లీమీటరు లోపే ఉండాలి. రెండంగుళాల మేర పెయింటు, కింది నల్లకోటింగు గీకేసి రేకు మెరిసేలా చేయాలి. మెషీను ఎర్తు క్లాంపు కూడా తళతళలాడే ఇనుము మీదే, పనికి దగ్గర్లోనే పెట్టాలి. బ్యాటరీ మైనస్ తీసేయాలి. కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఎక్కడ పోతున్నాయో చేత్తో తడిమి చూడనిదే ట్రిగ్గర్ నొక్కనివ్వలేదు. పక్కన బక్కెట్టు నీళ్లు, తడి గోనెసంచి ఉండాల్సిందే.

40 ఆంపియర్ల దగ్గర పెట్టి, ముందు తుక్కు రేకు మీద ముప్పై వెల్డింగ్ చుక్కలు పెట్టించారు. రేకు తిప్పి చూస్తే చుక్కకి అవతల చిన్న పొక్కు కనపడాలి. లేకపోతే పైన అంటుకుందే తప్ప లోపలికి దిగలేదన్నమాట. అసలు రేకు మీద ఒక చుక్క ఇక్కడ, తర్వాతది ఎదురు అంచున, మూడోది ఇంకో మూల. చుక్కకి ఒక సెకను, అంతే. వరసగా లాక్కుపోతే రేకు డప్పులా ఉబ్బుతుంది. తొందరపడి నీళ్లు కొడితే ఇంకా వంకర పోతుంది, దానంతట అదే చల్లారాలి.

రెండో రోజు రన్నింగ్ బోర్డు దగ్గర రేకు కారిపోవడం మొదలైంది. ఒక చిల్లు పూడిస్తే పక్కన రెండు. ఆయన సంచిలోంచి సుత్తితో చదును చేసిన రాగిగొట్టం ముక్క తీశారు. రేకు వెనక రాగి ఆనిస్తే వేడిని అది లాగేసుకుంటుంది, కరిగిన ఇనుము దానికి అంటుకోదు. కానీ ఆ సందులో క్లాంపు పట్టదు, ఎవరో ఒకరు కిందనుంచి పట్టుకోవాలి. డెబ్బై దాటిన మనిషి, స్టాండ్ల మీదున్న కారు కింద గోనెసంచి పరుచుకుని వెల్లకిలా పడుకున్నారు. వద్దండీ, నిప్పురవ్వలు పడతాయి అంటే "నా మీద పడితే పడతాయి గాని, నువ్వు చెయ్యి వణికించకు" అన్నారు. నలభై నిమిషాలు అలాగే ఉన్నారు. పైకి లేచాక చూస్తే చొక్కా భుజం మీద ఏడు కన్నాలు. లెక్కపెట్టాను. డబ్బులివ్వబోతే "టీ ఇప్పించు" అన్నారు. అక్కడే మెషీను పక్కన కూర్చుని ఏడ్చేశాను, హెల్మెట్ తియ్యకుండా.

సీటుబెల్టు బోల్టు పక్కనున్న అతుకు మాత్రం నన్ను ముట్టనివ్వలేదు, ఆయనే వేశారు. ప్రాణం మోసే చోట నేర్చుకోకూడదన్నారు.

ఒక మాట అనకుండా ఉండలేను. రెండేళ్ల కిందట ఇదే ఫ్లోరుకి ఒక షెడ్డువాళ్లు 'తుప్పు పని' చేసి డబ్బులు తీసుకున్నారు. ఇప్పుడు గీకితే న్యూస్‌పేపరు, దాని మీద లప్పం, పైన తారు. రన్నింగ్ బోర్డులో నీళ్లు పోయే కన్నాలు కూడా ఆ తారుతోనే మూసేశారు, లోపల నిలిచిన నీళ్లే దాన్ని తినేశాయి. ఉప్పుగాలి ఊళ్లో ఇలా చేస్తారా ఎవరైనా? ఇక రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఫిట్‌నెస్ టెస్టుకి తీసుకెళ్తే 'బాడీ కండిషన్ బాలేదు' అని ఒక్క ముక్క రాసి పంపేశారు. ఎక్కడ బాలేదో వేలు పెట్టి చూపించినవాళ్లు లేరు. 20 ఏళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలు చేశారు. చెయ్యండి, కానీ ఆ డబ్బుకి తప్పు ఎక్కడుందో ఒక వాక్యం రాయొచ్చుగా.

మిగిలింది ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలరు, తర్వాత అండర్‌కోటింగు, బోర్డు లోపలికి మైనం స్ప్రే. నీళ్ల కన్నాలు ఈసారి తెరిచే ఉంటాయి.

అన్నట్టు, మీటరు రూములోంచి లావుపాటి వైరు లాగి ఇచ్చిన వాచ్‌మన్ అన్నకి కూడా థాంక్స్, సన్న ఎక్స్‌టెన్షన్ మీద ఆర్క్, అంటే వెల్డింగ్ మెరుపు, నత్తినత్తిగా వచ్చేది. డిపాజిట్ లేకుండా రెగ్యులేటర్ ఇచ్చిన గ్యాసు కొట్టు అబ్బాయికీ. వెల్డింగ్ అయ్యాక గంటసేపు కార్పెట్ దగ్గర పొగ వస్తుందేమోనని కాపలా కూర్చున్న టీకొట్టు కుర్రాడికీ. నిన్న హెల్మెట్ అద్దం ఎత్తి ఆర్క్ చూసేసి అర్ధరాత్రి కళ్లు మండి పరిగెత్తితే చుక్కలు వేసిన సిస్టర్‌కీ. గ్రైండర్ మోత భరించిన గ్రౌండ్‌ఫ్లోర్ ఆంటీకీ, ఆంటీ, మీ దుప్పటి మీద నల్లచుక్కలు మావే, కొత్తది తెస్తాను.

మేస్త్రి గారూ, మీ రాగిముక్క నా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం కొత్త చొక్కాతో సహా తెస్తాను.