ఇంజినీర్ల సంఘాల సభలూ, పరగ్రహాలపై ఎగిరే హెలికాప్టర్లూ

సంపాదకులకు,

ఆర్యా,

ఇంజినీర్ల వృత్తి సంఘాల స్థానిక శాఖల వార్తలు మీ పత్రికలో తరచూ వస్తుంటాయి. అయితే వాటిలో చాలా వరకు కొత్త కార్యవర్గం ఎన్నిక, పదవీ స్వీకారం, ముఖ్య అతిథి ప్రసంగం, చివర ఒక గ్రూపు ఫొటో తప్ప ఇంకేమీ ఉండదు. సభలో ఏ సాంకేతిక విషయం చర్చకు వచ్చింది, వక్త ఏ లెక్క చూపించారు, ఆ లెక్కను ఎవరైనా కాదన్నారా అన్న సంగతులు ఒక్క వాక్యంలోనైనా కనిపించవు. ఇందులో పత్రిక తప్పు సగమే. రాయదగ్గ సాంకేతిక విషయమే లేకుండా ముగిసే సభలు చాలా ఉన్నాయని, అలాంటి సంఘంలో సభ్యుడిని కాబట్టి, చనువుగానే చెప్పగలను. వృత్తిలో ఉన్నవాళ్లు ఒకచోట కూర్చుని, ఇంకా పూర్తికాని పని గురించి మాట్లాడుకోవడం వల్ల ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి పరగ్రహాలపై ఎగిరే హెలికాప్టర్ల చరిత్రను మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయం.

2021 ఏప్రిల్ 19న నాసా పంపిన ఇన్‌జెన్యుటీ అనే 1.8 కిలోల హెలికాప్టరు అంగారకుడి జెజెరో బిలంలో మూడు మీటర్ల ఎత్తుకు లేచి, 39 సెకన్లు గాలిలో ఉండి దిగింది. మరో గ్రహం మీద ఇంజను శక్తితో, నియంత్రణలో ఎగిరిన మొదటి యంత్రం అదే. (గాలిలో తేలిన మొదటి యంత్రం మాత్రం కాదు, 1985లోనే సోవియట్ వేగా నౌకలు వదిలిన రెండు బెలూన్లు శుక్రుడి మేఘాల్లో దాదాపు రెండు రోజుల చొప్పున తేలాయి.) ఇదంతా పాఠకులకు తెలిసిందే. ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందన్నది మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. 1990లలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజినీరు బాబ్ బలరామ్ ఒక వృత్తి సదస్సుకు వెళ్లారు. అక్కడ స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు ఇలాన్ క్రూ, భూమి మీద వాడడానికి తాను రూపొందిస్తున్న ‘మెసికాప్టర్’ అనే అతి చిన్న ఎగిరే యంత్రం గురించి మాట్లాడారు. దాన్ని అంగారకుడి మీద ఎగరేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన బలరామ్‌కు ఆ ప్రసంగం విన్న తరవాతే వచ్చింది. ప్రతిపాదన రాశారు; అంగారక పరిస్థితుల్లో రెక్కను పరీక్షించే దాకా పని నడిచింది; ఆపైన నిధులు ఆగిపోయి, అది సుమారు పదిహేనేళ్లు అటకెక్కింది.

మళ్లీ అది కిందికి దిగడానికి కారణం కూడా ఒక సభే. ఆ ల్యాబొరేటరీ అప్పటి సంచాలకుడు చార్లెస్ ఎలాషీ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డ్రోన్ల మీద జరిగిన ఒక ప్రసంగ కార్యక్రమానికి వెళ్లి, తిరిగి వచ్చాక, మనవాళ్లెవరైనా అంగారకుడి కోసం ఇలాంటిది ఆలోచించారా అని ఆరా తీశారు. బలరామ్ పాత పని గుర్తున్న ఒక సహోద్యోగి ఆ సంగతి చెప్పారు. రెండు నెలల లోపే కొత్త ప్రతిపాదన తయారైంది. ఈ రెండు ప్రసంగాల్లో ఏ ఒక్కటి జరగకపోయినా ఈ హెలికాప్టరు ఎగిరేది కాదని తేల్చి చెప్పలేను గాని, రెండుసార్లూ కదలిక వచ్చింది ఎవరో తమ పని గురించి నలుగురి ముందు నిలబడి చెప్పడం వల్లనే.

ఈ రెండు ఘటనల మధ్య ఒక వృత్తి సంఘం చేసిన పనిని కూడా చెప్పాలి. 1943లో అమెరికన్ హెలికాప్టర్ సొసైటీగా మొదలై, ఇప్పుడు వర్టికల్ ఫ్లైట్ సొసైటీగా వ్యవహరిస్తున్న సంఘం ఏటా విద్యార్థులకు రూపకల్పన పోటీ పెడుతుంది. అంగారకుడిపై ఎగిరే హెలికాప్టరును రూపొందించండి అన్నది 2000 సంవత్సరంలో ఆ సంఘం ఇచ్చిన ప్రశ్న. మేరీలాండ్, జార్జియా టెక్ విద్యార్థి బృందాలు రెక్కల వ్యాసం మొదలుకొని శక్తి వనరు దాకా లెక్కలు కట్టి సమగ్ర నమూనాలు ఇచ్చాయి. అసలు హెలికాప్టరు ఎగరడానికి రెండు దశాబ్దాల ముందు మాట ఇది. మన సంఘాల విద్యార్థి విభాగాలు పెట్టే పత్ర సమర్పణ పోటీల్లో, అప్పటికే అచ్చయిన విషయాన్ని స్లయిడ్ల మీదకు ఎక్కించి చదవడం మామూలైపోయింది. సమాధానం ఎవరి దగ్గరా లేని ప్రశ్న ఇస్తే విద్యార్థి ఎలా శ్రమిస్తాడో చూడాలనుకునేవాళ్లు ఆ పోటీని ఆదర్శంగా తీసుకోవచ్చు.

‘అంగారకుడితో మా శాఖకేం పని, మావాళ్లంతా పంపులు, ఫ్యాన్లు, టర్బైన్లు చూసేవాళ్లు’ అని కార్యవర్గాల్లో ఒక వాదన వినిపిస్తుంటుంది. నిజానికి అలాంటివాళ్లకే ఈ విషయం బాగా పడుతుంది. నల్లబల్ల మీద పది నిమిషాల్లో కట్టగల ఒక లెక్క ఉంది. నిలకడగా గాలిలో ఉండడానికి కావలసిన శక్తి, బరువు పెరిగితే దానికన్నా వేగంగా పెరుగుతుంది. గాలి సాంద్రత పెరిగితే ఆ సాంద్రత వర్గమూలం మేరకు తగ్గుతుంది. అంగారకుడి గురుత్వాకర్షణ మనదానిలో 38 శాతమే కాబట్టి అక్కడ ఎగరడం తేలికని చాలామంది అనుకుంటారు. కాని అక్కడి గాలి సాంద్రత మన గాలిలో నూరోవంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ రెండింటినీ సూత్రంలో పెడితే, అదే ద్రవ్యరాశికి, అదే రెక్కల వైశాల్యానికి, ఆదర్శ పరిస్థితిలోనే భూమి మీదకన్నా సుమారు రెట్టింపు శక్తి కావాలని తేలుతుంది. పలుచని గాలిలో రెక్కల సామర్థ్యం పడిపోవడం దీనికి అదనం. పోనీ ఇంకా వేగంగా తిప్పుదామంటే ధ్వని వేగం అడ్డొస్తుంది. అక్కడ అది సెకనుకు సుమారు 240 మీటర్లే, రెక్క కొన దానికి బాగా దిగువన ఉండాలి. 1.2 మీటర్ల వ్యాసమున్న రెండు జతల రెక్కలు, ఒకదానిపై ఒకటి, ఎదురెదురు దిశల్లో, నిమిషానికి దాదాపు 2,500 సార్లు తిరగడం ఇన్ని ఇబ్బందుల మధ్య కుదుర్చుకున్న రాజీ.

పరీక్షల దశ ఇంకా రసవత్తరం. పెద్ద లోహపు గదిలోంచి గాలి లాగేసి, కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ నింపి, బరువు తగ్గించడానికి నమూనాను పైనుంచి తాడుతో లాగి పట్టుకుని ఎగరేశారు. మొదట్లో చిన్న నమూనాను మనిషి జాయ్‌స్టిక్‌తో నడపబోతే అది అదుపు తప్పింది. తిరిగే రెక్క పైకీ కిందికీ ఊగుతుంటుంది. భూమి మీద ఆ ఊపును చుట్టూ ఉన్న చిక్కని గాలే అణిచేస్తుంది. పలుచని గాలికి ఆ పని చేతకాదు. అందుకే రెక్కలను బాగా బిరుసుగా తయారు చేయవలసి వచ్చింది, నియంత్రణను పూర్తిగా కంప్యూటరుకు అప్పగించవలసి వచ్చింది. కంపనాలతో, రెక్కల అలసటతో (పదేపదే భారం పడి బలహీనపడడంతో) ఉద్యోగ జీవితమంతా గడిపిన విశ్రాంత ఇంజినీరు ఒకరు ఇలాంటి సభలో ఉంటే, వక్తకన్నా ఆయనే ఎక్కువ చెప్పగలరు.

దాని చివరి ప్రయాణం గురించి మాట్లాడుకుంటే ఇంకా మంచిది. అయిదు ప్రయాణాలకని పంపిన యంత్రం 72 ప్రయాణాలు చేసి, 2024 జనవరి 18న ఆగిపోయింది. అది కిందికి చూసే కెమెరాతో నేల మీది రాళ్లను, గీతలను గుర్తుపట్టి తన వేగాన్ని అంచనా వేసుకునేది. ఆ రోజు కింద నునుపైన ఇసుక తప్ప గుర్తు పెట్టుకోదగ్గది ఏమీ లేదు. అంచనా తప్పింది, పక్కకు జారుతూ ఇసుక అలల వాలు మీద గట్టిగా దిగింది. రెక్కలు నేలకు తగిలి విరిగాయన్నదే మొదట అందరి ఊహ. సుమారు ఏడాది తరవాత వెల్లడైన దర్యాప్తు ఇంకో మాట చెప్పింది. దిగిన అదురుకు హెలికాప్టరు ఒక్కసారిగా ఒరగడంతో, వేగంగా తిరుగుతున్న రెక్కల మీద భరించలేని భారం పడి, నాలుగూ కొన నుంచి మూడోవంతు దగ్గర విరిగి ఉంటాయన్నదే దాని అంచనా. వైఫల్యాన్ని ఇంత నిబ్బరంగా విప్పి చూపే ప్రసంగాలు మన స్థానిక సభల్లో చాలా అరుదు; ఎంతసేపూ విజయగాథలే చెప్పుకుంటాం.

ఇక రాబోయేది డ్రాగన్‌ఫ్లై. 2019లో నాసా ఎంపిక చేసిన ఈ యంత్రం 2028లో బయలుదేరి 2034లో శని ఉపగ్రహం టైటాన్ చేరాలన్నది ప్రణాళిక. నాలుగు జతలుగా ఎనిమిది రోటర్లు, కారంత పరిమాణం, సూర్యరశ్మి చాలదు కాబట్టి రేడియోధార్మిక ఇంధనంతో నడిచే విద్యుత్ వనరు. ఇక్కడ లెక్క పూర్తిగా తలకిందులు: గురుత్వాకర్షణ మనదానిలో ఏడోవంతు, గాలి నాలుగు రెట్లకు పైగా చిక్కన. పై సూత్రంలోనే పెడితే కావలసిన శక్తి భూమి మీదిదానిలో సుమారు నలభయ్యోవంతుకు దిగుతుంది. అయితే అక్కడి చలి సున్నాకు దిగువన 179 డిగ్రీలు; సంకేతం చేరడానికే గంటకు పైగా పడుతుంది కాబట్టి ఎగరడం, దిగేచోటు చూసుకోవడం అంతా అదే చేసుకోవాలి. ఈ రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి చర్చిస్తే రెండు సాయంత్రాలకు సరిపడా విషయం ఉంటుంది.

సంఘాల కార్యదర్శులకు నా విన్నపం ఇది. ఏడాదిలో కనీసం కొన్ని సభలైనా అతిథులు, వేదిక, దండలు లేకుండా, ఒక వక్త, ఒక బల్ల, ప్రసంగమంత సమయం ప్రశ్నలకు వదిలి జరపండి. తలుపులు సభ్యులకే కాకుండా విద్యార్థులకు, ఆసక్తి ఉన్న ఎవరికైనా తెరిచి ఉంచండి. మీ పత్రికను కోరేది కూడా పెద్దదేమీ కాదు. అలాంటి సభ ఉన్నప్పుడు వేళ, స్థలం, విషయం రెండు రోజుల ముందే కార్యక్రమాల శీర్షికలో వేయండి. సభ అయ్యాక వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారన్న జాబితా బదులు, కింద కూర్చున్నవారు అడిగిన ఒక మంచి ప్రశ్ననూ దానికి వచ్చిన జవాబునూ ప్రచురించండి.

భవదీయుడు,
ఒక మెకానికల్ ఇంజినీరు