బీగం కాదు, దాచాల్సింది బీగంచెవి

సంపాదకులకు,

గూఢలిపి మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం పిల్లలకు పనికొచ్చేదే. ఒక్క మాట దగ్గరే మా అభ్యంతరం. రాసే పద్ధతి బయటపడితే రహస్యం పోయినట్టేనని అందులో ఉంది. పద్ధతి బయటపడ్డాక కూడా నిలిస్తేనే అది మంచి గూఢలిపి. పద్ధతి శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది రాకూడదని 1883లోనే డచ్ భాషావేత్త కెర్క్‌హాఫ్స్ తేల్చేశాడు. మన వైపు మాటల్లో చెప్పాలంటే, బీగం వీధిలో పోయేవాళ్లందరికీ కనిపిస్తుంది, బీగంచెవి మాత్రం కొంగుకే ఉంటుంది.

వ్యాసంలో చెప్పిన లెక్కలో ప్రతి అక్షరాన్నీ వర్ణమాలలో అన్నే చోట్లు ముందుకు జరుపుతారు. ఎన్ని చోట్లన్నదే కీ, అంటే బీగంచెవి. 56 అక్షరాల వర్ణమాలలో అలాంటి కీలు 55 మాత్రమే. ఇద్దరు పిల్లలు కూర్చుంటే పూటలో విప్పేస్తారు. బడిలో చేయించడానికి అంతకంటే మెరుగైనది, ఒక మాటనే కీగా వాడే విజనేర్ పద్ధతి. గుణింతాలతో తంటా రాకుండా ముందు అన్నిటినీ వర్ణాలుగా విడగొట్టాలి. ‘తిరుపతి’ కీ అయితే త్, ఇ, ర్, ఉ, ప్, అ, త్, ఇ, మొత్తం ఎనిమిది. (కొమ్ములు, గుడులు విడి గుర్తులుగా జరిపేవాళ్లున్నారు. మాట మొదట్లో గుడి ఎప్పుడూ రాదు కదా, గుట్టు అక్కడే దొరికిపోతుంది.) వర్ణాలకు 1 నుంచి 56 దాకా అంకెలు వేసి, సందేశంలోని ఒక్కో అంకెకు కీలోని అంకెను వరుసగా కలపాలి. 56 దాటితే 56 తీసేయాలి. 50కి 20 కలిపితే 70, అంటే 14. కీ అయిపోతే మళ్లీ మొదటి నుంచి.

ఆ ‘మళ్లీ మొదటి నుంచి’ దగ్గరే దొంగ దూరేది. ఒకే మాట, కీలోని ఒకే చోటు కింద రెండోసారి పడితే అదే అంకెల గుంపు మళ్లీ పుడుతుంది. అలాంటి గుంపుల మధ్య దూరాలు 40, 72, 96 అనుకోండి. మూడింటినీ భాగించే పెద్ద సంఖ్య 8, కీ పొడవు బహుశా అదే. 1863లో ప్రష్యా సైనికాధికారి కసిస్కీ అచ్చువేసిన కిటుకిది. ఇక 1, 9, 17వ అంకెలు ఒక వరుస, 2, 10, 18వ అంకెలు ఇంకో వరుసగా రాసుకుంటే ప్రతి వరుసా పాత 55 కీల లెక్కే. తెలుగులో అ, ఇ, ఉ తరచుగా వస్తాయి, వరుసలో ఎక్కువసార్లు కనబడ్డ అంకెలను వాటితో సరిచూడాలి. సందేశం 50 వర్ణాల లోపుంటే వరుసకు ఆరేడు అంకెలే మిగులుతాయి, అప్పుడీ పాచిక పారదు.

కీ సందేశమంత పొడవుండి, ఏ క్రమమూ లేకుండా, ఒక్కసారే వాడితే ఎవరూ విప్పలేరని 1949లో అమెరికన్ గణితజ్ఞుడు షానన్ నిరూపించాడు. ఆ ‘ఒక్కసారే’ దగ్గరే 1942లో సోవియట్‌వాళ్లు దెబ్బతిన్నారు. కీ పుటలు కొన్ని రెండేసి ప్రతులు అచ్చయి వాడకంలోకి వెళ్లాయి. ఒకే కీ కలిపిన రెండు సందేశాల్లో ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే కీ రద్దయిపోయి, రెండు మామూలు వాక్యాల తేడా మిగులుతుంది. అమెరికన్లు దాన్నే పట్టుకుని లాగారు. జర్మన్ల గూఢలిపి యంత్రం ఎనిగ్మాదీ అలాంటి కథే. కీలు కోట్ల కోట్లున్నా, సందేశపు కీని మొదట్లో రెండుసార్లు కొట్టే జర్మన్ల అలవాటు 1932లో పోలండ్ గణితజ్ఞుడు రెయెవ్‌స్కీకి దారి చూపింది.

ఇప్పుడు తిరుపతి లాడ్జీల సంగతి. వైఫైలో పోయే మాటలను గూఢలిపిలోకి మార్చే డబ్ల్యూపీఏ2 పద్ధతి లోకమంతటికీ తెలిసిందే, అందులో తప్పు లేదు. పాస్‌వర్డును కౌంటర్ గోడకు అతికించడమే తప్పు. అది తెలిసిన పక్కగదివాడు, మీ ఫోన్ రూటర్‌తో కలిసేటప్పుడు నడిచే నాలుగు సందేశాలను పట్టుకుంటే మీ కీని లెక్కగట్టుకోగలడు. బ్యాంకు యాప్‌లకు వేరే కీ ఉంటుంది కాబట్టి డబ్బుకు భయం లేదు, ఏ సైట్లు చూస్తున్నారో మాత్రం బయటపడవచ్చు. రూటర్‌లో దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టండి, అందులో పాస్‌వర్డ్ తెలిసినా ఇలా వినడం కుదరదు. పాత ఫోన్లు దానికి కలవకపోతే యాత్రికులకు వేరే నెట్‌వర్క్ ఇచ్చి, బిల్లులు వేసే కంప్యూటర్‌ను దానికి దూరంగా ఉంచాలి. ఆఫీసు పాస్‌వర్డుకు స్వామి పేరు, పక్కన 123 వద్దు. పొంతన లేని నాలుగు మాటలు, 16 అక్షరాలకు తగ్గకుండా.

– గణితం, కంప్యూటర్ అధ్యాపకులు కొందరు, తిరుపతి